సంతకం పెట్టాక మిగిలే ఐదు రోజులు

ఇల్లు – ఒప్పందం: పాఠకుల ప్రశ్నలకు సిడ్నీలో ఇళ్ల క్రయవిక్రయాల పత్రాలు చూసే న్యాయవాది జవాబులు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేము సిడ్నీలో బ్లాక్‌టౌన్ వైపు అద్దెకు ఉంటున్నాం. పోయిన శనివారం ఒక టౌన్‌హౌస్ చూశాం. బేరం 11 లక్షల 80 వేల డాలర్ల దగ్గర తెగింది. సోమవారం సాయంత్రంలోగా, మనసు మార్చుకునే గడువును వదులుకునే 66డబ్ల్యూ సర్టిఫికెట్‌తో సంతకం పెడితే ఇల్లు మాదేనని, లేకపోతే ఇంకో కుటుంబం సిద్ధంగా ఉందని ఏజెంటు అంటున్నారు. అప్పు ఇవ్వవచ్చన్న బ్యాంకు ముందస్తు మాట, అంటే ప్రీ అప్రూవల్, మా చేతిలో ఉంది. నా భార్య మాత్రం ఆ సర్టిఫికెట్ వద్దు, చట్టం ఇచ్చే ఐదు రోజుల గడువు ఉంచుకుందాం అంటోంది. ఖమ్మంలో ఉన్న మా మామగారేమో బుధవారం దివ్యమైన రోజు, ఆ రోజే సంతకం పెట్టండి, ఒకసారి మాట ఇచ్చాక మళ్లీ గడువేమిటి అంటున్నారు. ఎవరి మాట వినాలో తోచడం లేదు.
– ఒక పాఠకుడు, సిడ్నీ

జవాబు: మీ ఉత్తరం అందిన పూటే ఫోనులో రెండు ముక్కలు చెప్పాను. ఇదే ప్రశ్న ఇంకా చాలామంది అడుగుతున్నారు కాబట్టి, మీ అనుమతితో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ భార్య చెప్పిందే సరైన మాట. మీ మామగారి బుధవారాన్ని కూడా నిలబెట్టవచ్చు. అది ఎలాగో చెబుతాను.

న్యూ సౌత్ వేల్స్‌లో కొనేవారూ అమ్మేవారూ ఒప్పందం ప్రతుల మీద విడివిడిగా సంతకాలు చేసి, వాటిని ఇచ్చిపుచ్చుకుంటారు. దీన్ని ఎక్స్ఛేంజ్ అంటారు. మన తాంబూలాల లాంటిదే. ఇది జరగనంత వరకు ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఏజెంటు చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పినా, మీరు ముందుగా కొంత డబ్బు కట్టి రసీదు తీసుకున్నా అంతే. ఆ డబ్బు మీకు తిరిగి వస్తుంది కానీ ఇల్లు మీకోసం ఆగదు. ఎక్స్ఛేంజ్ జరిగిన క్షణం నుంచి మాత్రం అమ్మేవారి చేతులు కట్టేసినట్టే. రేపు ఇంకొకరు వచ్చి యాభై వేలు ఎక్కువ ఇస్తామన్నా ఆ ఇల్లు వారికి ఇవ్వలేరు.

కొనేవారికి మాత్రం 1919 నాటి కన్వేయన్సింగ్ చట్టం ఐదు పనిదినాల వెసులుబాటు ఇచ్చింది. ఇదే కూలింగ్ ఆఫ్ పీరియడ్. ఐదో పనిదినం సాయంత్రం 5 గంటలలోపు మీరు గానీ మీ లాయరు గానీ సంతకం చేసిన నోటీసు అవతలి పక్షానికి అందజేస్తే ఒప్పందం రద్దవుతుంది. కారణం చెప్పనక్కర్లేదు. ధరలో 0.25 శాతం అమ్మేవారికి వదులుకోవాలి. మీ లెక్కలో అది 2,950 డాలర్లు. సాధారణంగా ఎక్స్ఛేంజ్ రోజున కట్టించుకునేది కూడా అంతే. పది శాతం డిపాజిట్‌లో మిగిలిన 1,15,050 డాలర్లు గడువు ముగిసేలోపు కడతారు.

ఇప్పుడు ఏజెంటు అడుగుతున్న 66డబ్ల్యూ సర్టిఫికెట్ సంగతి. అది మీ తరఫు లాయరు సంతకం చేసే కాగితం. ఈ ఒప్పందం అంటే ఏమిటో, గడువు వదులుకుంటే ఏమవుతుందో కొనేవారికి వివరించానని అందులో లాయరు ధ్రువీకరిస్తారు. అది ఇచ్చాక ఐదు రోజుల గడువు ఉండదు. తాంబూలాలూ తాళీ ఒకే ముహూర్తానికి అయిపోతాయి. ఆ తర్వాత వెనక్కి తగ్గితే పోయేది 2,950 కాదు, మొత్తం పది శాతం, అంటే 1,18,000 డాలర్లు. ఇల్లు మళ్లీ అమ్మినప్పుడు తక్కువ ధర పలికితే ఆ నష్టం కూడా మీ మీద వేయవచ్చు.

నేను తెనాలిలో పెరిగాను. మా నాన్నగారు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు లేఖరి. వేపచెట్టు కింద చెక్కబల్ల, దాని మీద ఇనప పెట్టె. పొలమో ఇల్లో కొనడానికి వచ్చినవారికి చిత్తుప్రతి రాసి, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు పైకి చదివి వినిపించేవారు. చదివాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కొనే ఆయన చొక్కా జేబులో తనే పెట్టేవారు. "ఇంటికి తీసుకెళ్లండి. ఆడవాళ్లకు చదివి వినిపించండి. రేపు రండి, స్టాంపు కాగితం మీద ఎక్కిద్దాం" అనేవారు. ఆ రోజుకు ఆయనకు రావలసిన రుసుము రేపటికి వాయిదా పడేది, ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు. అలా ఆగినందువల్ల ఎన్ని కుటుంబాలు తగాదా భూముల నుంచి బయటపడ్డాయో నేను చిన్నప్పుడే చూశాను. నాన్నగారు అడిగి ఇప్పించిన ఆ ఒక్క రాత్రిని ఇక్కడ చట్టమే ఐదు రోజులుగా ఇస్తోంది. దాన్ని ఒక సోమవారం సాయంత్రం కోసం వదిలేస్తామంటే నాకు మనసొప్పదు.

ఇక ముహూర్తం. బుధవారం ఎక్స్ఛేంజ్ చేయండి. సంతకం పెట్టిన రోజు లెక్కలోకి రాదు. గురువారం మొదటి రోజు, శుక్రవారం రెండోది. శని, ఆదివారాలు లెక్క లేదు. సోమ, మంగళ, బుధ. వచ్చే బుధవారం సాయంత్రం 5 గంటలకు గడువు ముగుస్తుంది. మధ్యలో సెలవులొస్తే ఇంకా జరుగుతుంది. గుడ్ ఫ్రైడేకు ముందు బుధవారం ఎక్స్ఛేంజ్ చేస్తే గురువారం ఒక్కటే లెక్కకు వచ్చి, శుక్రవారం నుంచి ఈస్టర్ సోమవారం వరకు ఆగిపోతుంది. మిగిలిన నాలుగు రోజులూ మంగళవారం మొదలై శుక్రవారంతో పూర్తవుతాయి. వేళ్ల మీద లెక్కపెట్టి వదిలేయకండి. చివరి తేదీ, గంట మీ లాయరు చేత ఈమెయిల్‌లో రాయించుకోండి.

మీ మామగారితో ఇలా చెప్పండి: అమ్మేవారికి ఈ గడువు గురించి ముందే తెలుసు, ఒప్పందం కాగితంలోనే అచ్చయి ఉంటుంది, అది తెలిసే వారు సంతకం చేస్తారు. దాన్ని వాడుకోవడం మాట తప్పడం కాదు.

ఈ ఐదు రోజులు మనసు కుదుటపడటానికి ఇచ్చినవని చాలామంది అనుకుంటారు. అసలు ఇవి పరుగులు పెట్టాల్సిన రోజులు. మీది టౌన్‌హౌస్ కాబట్టి బహుశా స్ట్రాటా కింద ఉంటుంది, అంటే గోడలు, కప్పు, దారి అందరి ఉమ్మడి బాధ్యత. అందుకని భవనం, చెదల తనిఖీతో పాటు స్ట్రాటా రికార్డులు కూడా చూడించాలి. నా అనుభవంలో ఇళ్ల అసలు రోగం బయటపడేది ఆ రికార్డుల్లోనే.

నా మొదటి కొనుగోలు సంగతి చెబుతాను. అప్పటికి నేను ఈ వృత్తిలో కొత్త. 6 లక్షల 10 వేల డాలర్లకు రెండు పడకగదుల యూనిట్‌కు ఎక్స్ఛేంజ్ చేశాను. కొత్త రంగు, కొత్త వంటగది, బాల్కనీ నుంచి చెట్లు. నాలుగో రోజు స్ట్రాటా మేనేజరు ఆఫీసులో కూర్చుని పాత సమావేశాల మినిట్స్ తిరగేశాను. మూడేళ్ల నాటి కాగితంలో "కింది కార్ల పార్కింగులో నీటి చెమ్మ, పరిశీలించాలి" అని ఉంది. మరుసటి ఏడు అదే వాక్యం. ఆ తర్వాతి ఏడు అదే వాక్యం, దాని కింద ఒక ఇంజినీరు అంచనా. మరమ్మతుల నిధిలో ఉన్న సొమ్ము ఆ అంచనాలో పదో వంతు కూడా లేదు. మిగిలినదంతా త్వరలో యజమానుల మీద ప్రత్యేక వసూలుగా పడుతుందని అర్థమైంది. తొమ్మిదో నంబరు యూనిట్ యజమాని రాసిన ఉత్తరం కూడా ఆ ఫైల్లోనే ఉంది. వాన పడ్డప్పుడల్లా తన స్నానాలగది గోడ ఉబ్బుతోందని ఫొటోలు జతచేశారు. నేను కొంటున్నది పదో నంబరు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు రద్దు నోటీసు పంపాను. 1,525 డాలర్లు పోయాయి. ఆ రాత్రి ఏడుపు వచ్చిన మాట నిజం. కానీ ఆ డబ్బు పోయిందని ఈనాటి వరకు ఒక్కసారి కూడా బాధపడలేదు.

రెండో పని బ్యాంకు. ప్రీ అప్రూవల్ అంటే అప్పు మంజూరైనట్టు కాదు. బ్యాంకు తన మనిషితో ఇంటి విలువ కట్టించాకే చివరి మాట చెబుతుంది. మీరు తొంభై శాతం అప్పు అనుకుంటున్నారనుకోండి. 11 లక్షల 80 వేల మీద అది 10 లక్షల 62 వేలు. విలువ కట్టిన మనిషి 11 లక్షల 20 వేలే అన్నారంటే బ్యాంకు ఇచ్చేది 10 లక్షల 8 వేలకు తగ్గుతుంది. ఆ 54 వేలు మీరే తెచ్చుకోవాలి. 66డబ్ల్యూ ఇచ్చేసిన తర్వాత ఈ సంగతి తెలిస్తే ఖమ్మంలో స్థలం అమ్మేదాకా పోతుంది పరిస్థితి. గడువు లోపల తెలిస్తే మళ్లీ బేరమాడవచ్చు, లేదా విరమించుకోవచ్చు. కాబట్టి ఎక్స్ఛేంజ్ అయిన గంటలోపే అప్పు కుదిర్చే బ్రోకరుకు ఒప్పందం ప్రతి పంపి, వాల్యుయేషన్ వెంటనే పెట్టించండి. బ్యాంకు ఆలస్యం చేస్తే గడువు పొడిగించమని అమ్మేవారిని అడగవచ్చు. వారు ఒప్పుకుంటే అది ఐదో రోజు సాయంత్రం లోపే రాతలో రావాలి. "పర్వాలేదు, సోమవారం చూద్దాం" అని ఏజెంటు ఫోనులో అన్న మాట లెక్కలోకి రాదు. రద్దు నోటీసు విషయంలోనూ అంతే. ఏజెంటుకు ఫోను చేసి వద్దనుకున్నామని చెప్పి, పని అయిపోయిందనుకుని నిద్రపోయినవారిని చూశాను.

ఇంకో కుటుంబం నిజంగానే వరుసలో ఉంటే? ఉండవచ్చు. అమ్మేవారు గడువు లేని ఒప్పందాన్నే కోరుకోవడం సహజం. అప్పుడు ఈ పనులన్నీ సంతకానికి ముందే చేయాలి. ఈ రాష్ట్రంలో ఒప్పందం కాగితం తయారు కాకుండా ఇల్లు అమ్మకానికి పెట్టడానికి వీల్లేదు కాబట్టి, అది ఈరోజే అడిగి తీసుకోవచ్చు. తనిఖీలకు కొన్ని వందల డాలర్లు ఖర్చవుతాయి, ఇల్లు దక్కకపోతే అవి పోతాయి. తనిఖీలు పూర్తయి, బ్యాంకు చివరి మంజూరు కాగితం చేతికొచ్చాక 66డబ్ల్యూ అడిగితే నేనే సంతకం చేస్తాను. శనివారం చూసి సోమవారం ఇవ్వమంటే చేయను. ముందు ఐదు రోజుల గడువుతో బుధవారం ఎక్స్ఛేంజ్‌కు మీరు సిద్ధమని ఏజెంటుకు రాతలో పంపండి. చాలాసార్లు అమ్మేవారు అందుకు ఒప్పుకుంటారు. వారికి కూడా ఇల్లు అమ్ముడుపోవడమే కావాలి.

మీరు టౌన్‌హౌస్ వదిలి ఇంకా కట్టని అపార్ట్‌మెంటు వైపు వెళితే, అంటే ఆఫ్ ద ప్లాన్ అయితే, గడువు పది పనిదినాలు. 2019 డిసెంబరు నుంచి అలా మారింది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో పోయిన శనివారం ఆక్షన్‌లో 8 లక్షల 40 వేలకు ఇల్లు దక్కించుకున్నాం. ఆదివారం పొద్దున లేచేసరికి ఇద్దరికీ భయం పట్టుకుంది. విక్టోరియాలో మూడు రోజుల్లో మనసు మార్చుకోవచ్చని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– ఒక జంట, మెల్‌బోర్న్

జవాబు: మీ స్నేహితులు చెప్పిన నియమం ఉన్నదే, కానీ అది మీకు వర్తించదు. విక్టోరియాలో బేరమాడి నేరుగా కొన్న ఇళ్లకు మూడు పూర్తి పనిదినాల గడువు ఉంది. ధరలో 0.2 శాతం లేదా 100 డాలర్లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది వదులుకోవాలి. ఆక్షన్‌లో కొంటే ఆ గడువు లేదు. ఆక్షన్‌కు ముందు మూడు పనిదినాల్లో, తర్వాత మూడు పనిదినాల్లో బేరం చేసుకుని కొన్నా లేదు. సుత్తి పడిందంటే ఇల్లు మీదే, బాధ్యతా మీదే.

ఇప్పుడు వెనక్కి తగ్గితే మీ పది శాతం డిపాజిట్, అంటే 84 వేల డాలర్లు ప్రమాదంలో పడతాయి. మీ భయం దేని గురించో ఉత్తరంలో రాయలేదు. కిస్తీల గురించి అయితే ఈరోజే బ్రోకరుతో కూర్చోండి. ఇంటి గురించి అయితే, అమ్మినవారు ఇచ్చిన సెక్షన్ 32 వెల్లడి పత్రాన్ని మీ లాయరు చేత అక్షరం వదలకుండా చదివించండి. అందులో తప్పుడు సమాచారం ఉన్నా, చెప్పవలసింది దాచినా, మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే సెటిల్‌మెంట్‌కు ముందు ఒప్పందం రద్దు చేసుకునే హక్కు కొన్ని సందర్భాల్లో వస్తుంది. దాని మీద ఆశలన్నీ పెట్టుకోవద్దు, కానీ చూడకుండా మాత్రం వదలవద్దు.

ఆక్షన్‌కు వెళ్లబోయే మిగిలిన పాఠకులకు ఒక సంగతి. న్యూ సౌత్ వేల్స్‌లోనూ ఆక్షన్‌లో కొన్న ఇంటికి గడువు లేదు. ఆక్షన్‌లో ఎవరికీ దక్కక, అదే రోజు మీరు బేరం కుదుర్చుకుని ఎక్స్ఛేంజ్ చేసినా లేదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఎలా కొన్నా చట్టపరంగా ఇలాంటి గడువే లేదు. పెర్త్‌లో ఉండే మనవాళ్లు సిడ్నీ బంధువుల మాట నమ్మి సంతకం పెట్టకూడదు.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరులో ఉంటున్న రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి బ్రిస్బేన్‌లో ఉంటుంది. హైదరాబాదు శివార్లలో 80 లక్షల ఫ్లాటుకు ప్రీ లాంచ్ ధర అంటూ రెండు లక్షలు బుకింగ్ కట్టమంటున్నారు. క్వీన్స్‌లాండ్‌లో ఐదు రోజుల్లో వద్దనుకోవచ్చట, ఇక్కడ కూడా అలాగే ఉంటుంది, కట్టెయ్యి నాన్నా అంటోంది అమ్మాయి. నాకు ధైర్యం చాలడం లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, కట్టకండి. క్వీన్స్‌లాండ్ గురించి అమ్మాయి చెప్పింది నిజమే. అక్కడ ఐదు పనిదినాలు ఉంది, 0.25 శాతం వరకు పట్టుకోవచ్చు. హైదరాబాదు ఫ్లాటుకు అది వర్తించదు. మన దేశంలో 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం కొనేవారికి చాలా రక్షణ ఇచ్చింది కానీ, కారణం చెప్పకుండా మనసు మార్చుకునే గడువు మాత్రం అందులో లేదు. బిల్డరు చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగవచ్చు. ప్రకటనలో అబద్ధం చెప్పి ఉంటే అడగవచ్చు. మీకై మీరు వద్దనుకుంటే మాత్రం బుకింగ్ సొమ్ము బిల్డరు ఉంచుకునేలా ఒప్పందాలు ఉంటాయి. 2025లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో ఒప్పందంలో ధరలో 20 శాతం అని రాసి ఉన్నా 10 శాతానికి మించి మినహాయించుకోవడానికి కోర్టు ఒప్పుకోలేదు. అది ఊరటే, కానీ 80 లక్షల్లో పది శాతమంటే 8 లక్షలు. ఆస్ట్రేలియా గడువుకు కాస్త దగ్గరగా వచ్చింది మహారాష్ట్ర. అక్కడి రెరా 2022లో ఇచ్చిన నమూనా కేటాయింపు లేఖ ప్రకారం 15 రోజుల్లోపు రద్దు చేసుకుంటే కోత ఉండదు.

మీ విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టినది ప్రీ లాంచ్ అనే మాట. మరీ చిన్నది కాని ఏ ప్రాజెక్టుకైనా రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం చట్టవిరుద్ధం. నమోదు సంఖ్య అడగండి, తెలంగాణ రెరా వెబ్‌సైటులో మీరే సరిచూసుకోండి. సంఖ్య లేదంటే మాట్లాడటం అక్కడితో ఆపేయండి. సంఖ్య ఉంటే, రిజిస్టరు చేసిన అమ్మకం ఒప్పందం లేకుండా పది శాతానికి మించి తీసుకునే హక్కు వారికి లేదని గుర్తుంచుకోండి.

అప్పటికీ ఫ్లాటు నచ్చితే ఒక పని చేయండి. డబ్బు కట్టే ముందు రసీదు మీద ఈ వాక్యం రాయించండి: "కొనుగోలుదారు 15 రోజుల్లోపు కోరితే ఈ మొత్తాన్ని ఏ కోతా లేకుండా తిరిగి ఇస్తాము." తేదీ, సంతకం, కంపెనీ ముద్ర ఉండాలి. చేతిరాతతో రాసినా పర్వాలేదు. రాయడానికి వారు ఒప్పుకోకపోతే రెండు లక్షలు మీ ఖాతాలోనే ఉండనివ్వండి, అమ్మాయికి ఈ జవాబు చదివి వినిపించండి.